వాసన చూసే నిమిషం

మా మసాలా మిల్లులో వాసన చూసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఇది మా నాన్న పెట్టిన కట్టుబాటు. కొత్త సరుకు ఆడించి మొదటి డ్రమ్ము నిండగానే మిల్లు ఆగాలి, ఫ్యాన్లు ఆగాలి, కిటికీలు మూయాలి. తలకు వాసన నూనె రాసుకున్నవాళ్లు వీధిలోకి పోవాలి. అప్పుడు వాసన చూసే మనిషి డ్రమ్ము మీదికి వంగుతాడు. ఆయన తలెత్తి "కానివ్వండి" అంటేనే సరుకు సంచుల్లోకి ఎక్కుతుంది. "ఊహూ" అంటే అదెంత మంచి రకమైనా మా పేరుతో గుమ్మం దాటదు.

నాన్న తరవాత ఆ పని మా బావది. అక్క భర్త. బజారులో ఆయన్ని ముక్కాయన అంటారు. మిరియం గింజ నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే అది ఎన్నాళ్లు ఎండిందో, ఎండేటప్పుడు వాన తగిలిందో లేదో చెప్పేవాడు. ఒకసారి ఒక దళారి పందెం వేసి మూడు రకాల మిరియాలు కలిపి తెచ్చాడు. బావ వాసన చూసి, "మూడు కాదయ్యా, నాలుగు. నాలుగోది నీ జేబులో పొగాకు" అన్నాడు. ఆ దళారి మళ్లీ మా గుమ్మం తొక్కితే ఒట్టు.

వాసనలో నేను సున్నా. జలుబు చేసినా చేయకపోయినా నాకు ఒకటే. నాకు తెలిసింది లెక్క. ఏది పోతోంది, ఎక్కడ పోతోంది, దాన్ని ఎలా ఆపాలి, ఇంతే. బావకు ముక్కు, నాకు లెక్క, అక్కకు మేమిద్దరం. ఇరవై రెండేళ్లు అలా గడిచాయి.

పాత మిల్లు నడిచినన్నాళ్లూ నాకు ఒక బాధ ఉండేది. మిల్లు తిరిగేకొద్దీ వేడెక్కుతుంది. పొడి పెనం మీంచి తీసినట్టు కాలుతూ బయటికొస్తుంది. వీధంతా ఘుమఘుమలాడుతుంది. దారినపోయేవాళ్లు "ఆహా" అంటారు. ఆ "ఆహా" వింటే నాకు కడుపు మండేది. వీధిలో ఉన్న వాసన డ్రమ్ములో ఉండదు కదా. వాళ్లు ఊరికే పీల్చేస్తున్నది నా సరుకే.

అందుకని చలిమిల్లు పెట్టించాను. పెరట్లో నిలువెత్తు ట్యాంకు, అందులో లిక్విడ్ నైట్రోజన్. మంచు దాని ముందు వేడినీళ్ల లెక్క. పైగదిలో గింజలు ఒక గొట్టంలో దొర్లుతూ పోతుంటే ఆ ద్రవాన్ని వాటిమీద చల్లుతారు. గింజ రాయిలా బిగుసుకుని మిల్లులో పడగానే గాజులా పగులుతుంది. వేడి పుట్టదు. నూనె చెదరదు. పొడి గొట్టంలోంచి జారి, ఐదు మెట్ల కింద ఉన్న గుంటగదిలోని డ్రమ్ములో పడుతుంది. నడిపిన మొదటి రోజు నేను వీధి చివరిదాకా నడిచి వెళ్లి అక్కడి టీకొట్టువాణ్ణి అడిగాను.

"ఏమన్నా వాసనొస్తోందా?"

"లేదు షావుకారుగారూ. మిల్లు మూసేశారా ఏంటి?"

వాడి చేత రెండు టీలు పెట్టించుకుని తాగాను. అంత సంతోషం.

మిల్లు బిగించడానికి వచ్చిన ఫిట్టరు తక్కువ మాటల మనిషి. మంచుగడ్డలా ఉంటాడని మా ప్యాకింగ్ ఆడవాళ్లు అతనికి గడ్డబాబు అని పేరు పెట్టారు. పనంతా అయ్యాక నన్ను గుంటగది మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

"గింజల్ని చల్లబరిచాక ఆ ద్రవం ఆవిరవుతుంది. ఆ గాలి పొడితో పాటే ఈ గుంటలోకి దిగుతుంది. అది విషం కాదు. కాకపోతే అదున్న చోట మనం పీల్చే గాలికి చోటుండదు. రంగు లేదు, వాసన లేదు. దగ్గు రాదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోతాడు."

"మరెట్లా?"

"నేలకు ఆనించి ఫ్యాను పెట్టాను. మిల్లు తిరిగినంతసేపూ అది తిరగాలి. గోడకి గాలి కొలిచే మీటరు పెట్టాను. అది అరిస్తే అందరూ బయటికి. ఎవరైనా పడిపోతే వాళ్లకోసం ఇంకొకళ్లు దిగకూడదు. దిగితే ఇద్దరు."

నాకు వెంటనే వాసన చూసే వేళ గుర్తొచ్చింది. "మాకో పద్ధతి ఉందయ్యా. కాసేపు ఫ్యాను ఆపాలి. ఐదు నిమిషాలు."

"కుదరదు."

"రెండు."

"కుదరదండీ."

"పోనీ ఒక్క నిమిషం. ఒక్క నిమిషంలో కొంపలేం మునుగుతాయి?"

ఫిట్టరు నా ముఖం చూసి, పానాలు సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. బేరంలో ఎదుటివాడు మాట్లాడకుండా సరుకు సర్దుకుంటే ధర కుదిరినట్టే. నేను అలాగే తీసుకున్నాను. అతను విసుగొచ్చి ఊరుకున్నాడని అప్పుడు నాకు తట్టలేదు.

ఇంకో రెండు పనులు కూడా చేశాను. అవీ చెప్పాలి. నాన్న రోజుల్లో వాసన చూసేటప్పుడు మిల్లు కూడా ఆపేవాళ్లం. ఈ చలిమిల్లు ఆపితే మళ్లీ చలి ఎక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ ఇరవై నిమిషాల ద్రవం గాలిపాలు. అందుకని మిల్లు తిరుగుతూనే ఉంటుంది, ఫ్యాను మాత్రం ఆగుతుంది. ఇక మీటరు. అది గుంటలో ఉన్నంతకాలం బావ వాసన చూసిన ప్రతిసారీ కీచుమని అరిచేది. "ఇదేం సవతిపోరురా బావమరిదీ, ఏకాగ్రత కుదరడంలేదు" అన్నాడు బావ. దాన్ని తీయించి పైన స్విచ్చిల పక్కన పెట్టించాను. పైనుంటే అందరికీ వినబడుతుందని చెప్పాను. పైకి వచ్చాక అది ఒక్కసారి కూడా అరవలేదు.

చలిమిల్లు పొడితో బావకు పెద్ద చిక్కొచ్చింది. గడ్డకట్టిన పొడికి వాసన ఉండదు. చిటికెడు తీసి అరచేతిలో పెట్టుకుని, రెండో అరచేత్తో రుద్ది, కాస్త వేడెక్కాక ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడు లేస్తుంది వాసన. పాత మిల్లులో రెండు సార్లు పీలిస్తే తేలే పనికి ఇక్కడ పదిసార్లు పీల్చాలి. వాసన ఎంత అందకపోతే ఊపిరి అంత లోపలికి లాగేవాడు.

నేను పైన స్విచ్చి దగ్గర నిలబడేవాణ్ణి. అక్క ప్యాకింగ్ బల్ల దగ్గర ఉండేది. బావ మెట్లు దిగి చెయ్యి ఊపేవాడు. నేను ఫ్యాను ఆపి మనసులో అరవై లెక్కపెట్టేవాణ్ణి. చలికి పుట్టే తెల్లటి మంచుపొగ ఆయన మోకాళ్ల చుట్టూ తిరిగేది. అరవై కాగానే ఫ్యాను వేసేవాణ్ణి. "కానివ్వండి" అంటూ ఆయన పైకి వచ్చేవాడు.

మొదటి నెలలోనే ఒకసారి బావ పైకొచ్చి నవ్వాడు. జోకేమీ లేదు. మెట్ల మీద కూర్చుని ఊరికే నవ్వాడు. "ఏంటి బావా, గుంటలో ఎవరైనా కబుర్లు చెప్పారా?" అన్నాను. "ఏమో, మనసు తేలిగ్గా ఉందిరా" అన్నాడు. ఇంకోసారి మిరియాల డ్రమ్ము మీద లవంగాలని రాయించాడు. బావ తప్పు చెప్పడం ఇరవై రెండేళ్లలో అదే మొదలు. ఆ తప్పును నేనే దిద్దించాను, ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అక్క నన్ను పక్కకు పిలిచింది.

"ఒరేయ్, మీ బావ గోళ్లు చూశావా? నీలంగా ఉంటున్నాయి."

"చలి అక్కా. ఆ పొడి పట్టుకుంటే నా వేళ్లూ అలాగే ఉంటాయి."

"పెదాలు కూడానా? పెదాలతో కూడా పట్టుకుంటాడా పొడి?"

"నువ్వు మరీనూ."

"నేను మరీ కాదు. వాసన చూడటం మాన్పించు. లేదా ఆ పొడి పైకి తెచ్చి ఇవ్వు. ఎండలో కూర్చుని చూస్తాడు."

ఆ మాట బావతో చెప్పాను, అది నిజం. ఆయన మండిపడ్డాడు. "పైకి తెచ్చేలోపు మొదటి వాసన పోతుంది. ఆ తరవాత చూసేది వాసన కాదు, దాని శవం. మిషను వచ్చింది కదా, ఇక ముక్కు ఎందుకనుకుంటున్నావా? చెప్పు, రేపే మానేస్తాను. అవతలి వీధి మిల్లువాడు పిలిచి పీట వేస్తాడు."

మానేస్తానన్న మాట నాకు చాలు. కొనేవాళ్లు మా సంచి మీది పేరు చూసి కాదు, "ముక్కాయన చూశాడా?" అని అడిగి కొంటారు. అది తెలిసిన నేను ఆ రోజుతో ఆ మాట వదిలేశాను. ఒక నిమిషంలో ఏమీ కాలేదు, వంద నిమిషాల్లో ఏమీ కాలేదు. కాబట్టి ఏమీ కాదు. నా లెక్క అది.

జాజికాయ వచ్చింది ఆ తరవాతే. జాజికాయ అంతా నూనె. పాత మిల్లులో వేస్తే పొడి కాదు, జిగట ముద్దయి రాళ్లకు అంటుకునేది. చలిమిల్లులోనైనా మిరియాలకు చల్లే ద్రవం దానికి చాలదు. నేనే వెళ్లి వాల్వు రెండింతలు తిప్పాను. గొట్టం మీద మంచు వేలెడు మందాన పేరుకుంది. జాజికాయ గాజుపెంకుల్లా పగిలి పిండిలా దిగుతోంది. నాకు గర్వంగా ఉంది.

వాల్వు రెండింతలైతే గుంటలోకి దిగే గాలీ రెండింతలు. అలాంటప్పుడు అరవై అంకె అరవైగా ఉండకూడదు. రెండో ఎక్కం వచ్చిన పిల్లవాడు కూడా వేసే లెక్క. నేను వేయలేదు.

పొద్దున్న పదకొండు గంటలు. మొదటి డ్రమ్ము నిండింది. కిటికీలు మూశారు. మాటలు ఆగాయి. బావ మెట్లు దిగుతూ, "జాజికాయరా ఇవాళ. దీనికి నిమిషం చాలదు. నేను మళ్లీ చెయ్యి ఊపేదాకా ఫ్యాను వేయకు" అన్నాడు.

"సరే బావా."

ఆయన చెయ్యి ఊపాడు. నేను ఫ్యాను ఆపాను.

పొగ మోకాళ్ల దగ్గర ఆగలేదు. నడుము దాకా వచ్చింది. బావ చిటికెడు తీసి అరచేతుల మధ్య రుద్దాడు. వంగి పీల్చాడు. తల అడ్డంగా ఊపి ఇంకోసారి రుద్దాడు. డ్రమ్ము మీదికి ఇంకా వంగాడు. నా లెక్క నలభై దాకా వచ్చింది. ఆయన కదలడంలేదు. లోతుగా చూస్తున్నాడనుకున్నాను. నలభై ఐదు. మాట్లాడకూడదు కదా, ఎవరూ మాట్లాడలేదు. ఏభై. ఆయన డ్రమ్ము అంచు పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా జారింది. శబ్దం కూడా పెద్దగా రాలేదు. గోనెసంచి దింపినట్టు పొగ కిందికి దిగిపోయాడు.

అక్క కేక పెట్టి మెట్ల మీదికి ఉరికింది. నేను ముందు ఫ్యాను వేశాను. తరవాత ఆమెను నడుము దగ్గర పట్టుకున్నాను. "వాల్వు కట్టేయండి! కింది షట్టరు పగలగొట్టండి!" అని అరిచాను. గుంటగది నుంచి పెరట్లోకి తెరుచుకునే ఆ షట్టరుకు చెమ్మ రాకూడదని నేనే తాళం వేయించాను, ఇప్పుడు తాళంచెవి వెతికే వేళ లేదు. ఇద్దరు హమాలీలు గునపం తీసుకుని ఆ వైపు పరిగెత్తారు.

"వదులు! వదలరా నన్ను!"

"దిగితే ఇద్దరు పోతారక్కా."

"పోనీ! ఆయన అక్కడ పడున్నాడు!"

ఆమె నా చేతుల మీద గోళ్లు దింపింది. మోచేత్తో ముక్కు మీద కొట్టింది. నేను వదలలేదు. ఆమెను పట్టుకుని నిలబడి పొగలోకి చూస్తూ, ఈ గదిలో గాలి మారడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేస్తూనే ఉన్నాను. ఆ అలవాటు ఆ క్షణంలో కూడా ఆగలేదు. షట్టరు విరిగే వేళకి మూడు నిమిషాలు దాటింది. బయటినుంచి హమాలీలు ఊపిరి బిగబట్టి, బస్తా కొక్కెం చొక్కాకు తగిలించి ఆయన్ని బయటికి లాగారు.

ఆసుపత్రిలో డాక్టరు ఆయన్ని ఎక్కువసేపు చూడలేదు.

సాయంత్రం తనిఖీ అధికారి వచ్చాడు. వెంట ఫిట్టరు కూడా ఉన్నాడు. ఫిట్టరు గుంట గోడ మీద మీటరు ఊడదీసిన మేకులను వేలితో తడిమి చూశాడు. అధికారి కాగితం తీశాడు.

"ఫ్యాను ఆగి ఉందట. ఆపింది ఎవరు?"

జవాబు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు నాకు. పోయినవాణ్ణి ఎవరూ జైల్లో వేయరు. నన్ను వేస్తే మిల్లు మూతపడుతుంది. మిల్లు మూతపడితే పదకొండు మంది వీధిన పడతారు, అక్క పన్నెండో మనిషి. ఏ వైపునుంచి కూడినా ఒకటే మొత్తం వచ్చింది.

"మా బావేనండీ. ఆయన అలవాటది. దిగే ముందు తనే ఆపుకుని దిగుతాడు."

"మీరు వద్దనలేదా?"

"ఎన్నోసార్లు చెప్పాను. పెద్దవాడు, వినడు."

ఆయన రాసుకున్నాడు. తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. నా చేతి మీద ఆమె గోళ్ల గీతలను చూసింది, నా ముఖం చూసింది, వెళ్లిపోయింది.

రెండు రోజుల్లో బజారంతా ఆ మాట పాకింది. "ముక్కాయన ముక్కుతోనే ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు." "అతి తెలివి. బావమరిది మొత్తుకున్నా వినలేదట." టీకొట్టువాడు కూడా నాతో ఓదార్పుగా అదే అన్నాడు. నేను తలూపాను. ఇంట్లో అక్క నాకు అన్నం వడ్డిస్తోంది, నీళ్లు పెడుతోంది. మాట మాత్రం లేదు. అడిగితే చెప్పడానికి పది జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆమె అడగలేదు. ప్రతి పూటా ఆమె పళ్లెం పెట్టిన చప్పుడుకు ఉలిక్కిపడేవాణ్ణి.

నాలుగో రోజు అధికారి మళ్లీ వచ్చాడు. మిల్లు ఆ రోజు ఎలా నడిచిందో అలా నడిపి చూపించమన్నాడు. గుంటలోకి ఎవరూ దిగకూడదని గట్టిగా చెప్పాడు. ఫిట్టరు తాడుకు కట్టిన కొత్త మీటరును కిందికి దింపాడు. వాల్వు తిప్పారు, మిల్లు కదిలింది, ఫ్యాను హోరుమంది. పొగ కిందికి దిగి నేలబారున ఫ్యాను వైపు పోతోంది. మీటరు అరవడంలేదు.

"ఫ్యాను తిరిగితే ఏ భయమూ లేదు" అన్నాడు ఫిట్టరు. నాతో కాదు, కాగితం పట్టుకున్న మనిషితో.

అప్పుడు అక్క ప్యాకింగ్ బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చింది. మా పక్కనుంచే నడిచి మెట్లు దిగింది. ఒకటి, రెండు, మూడు. ఏం చేస్తోందో మాకు అర్థమయ్యేసరికి డ్రమ్ము దగ్గర ఉంది.

"అమ్మా! పైకి రండి!" అన్నాడు అధికారి.

ఆమె చిటికెడు పొడి తీసి అరచేతిలో పెట్టుకుంది. తల తిప్పి నావైపు చూసింది.

"తమ్ముడూ, వాసన చూడాలి. ఫ్యాను ఆపు."

మిల్లులో అలవాటు ప్రకారం ఆడవాళ్లంతా మాట మానేశారు. హమాలీలు కూడా.

"అక్కా, పైకి రా."

"నీకు అలవాటేగా. చెయ్యి ఊపాలా?" ఊపింది. అచ్చం బావ ఊపినట్టే ఊపింది.

నా చెయ్యి పైకి లేవలేదు. స్విచ్చి నా భుజం ఎత్తులోనే ఉంది.

"ఏం? ఆ స్విచ్చి నీకు అందదా?" అంది అక్క. "మీ బావే ఆపుకుని దిగాడన్నావుగా. నేనూ అలాగే వచ్చి ఆపి దిగనా?"

"ఈవిడ ఏమంటున్నారు?" అని అధికారి నన్ను అడిగాడు.

"దుఃఖంలో ఉందండీ. మతి..."

"మతి బాగానే ఉంది" అంది కిందినుంచి. "ఆ స్విచ్చి ఎవరు ఆపేవాళ్లో ఈ గదిలో అందరికీ తెలుసు. వీళ్ల నోటితో చెప్పించను, వీళ్ల తిండి ఇక్కడుంది. నువ్వు చెప్పేదాకా నేనీ గుంటలోంచి కదలను. లేదంటే ఆపు. నువ్వు ఆపి చూపిస్తే ఆ అధికారికీ సరిగ్గా తెలుస్తుంది, రాసుకుంటాడు."

ఫిట్టరు నాకూ స్విచ్చికీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. నేను ఆపుతానేమో అని అతనికి భయం. ఆ భయం చూసినప్పుడు నేనేమిటో నాకు తెలిసింది.

అన్ని దారులూ వెతికాను. ఇంకో మాట, ఇంకో సాకు, కాస్త గడువు. కింద ఆమె అరచేతులు రుద్దుకుంటోంది, నెమ్మదిగా, కళ్లు నామీదే ఉంచి. బేరానికి వచ్చిన మనిషి ముఖం కాదది.

"నేనే ఆపాను" అన్నాను.

ఫ్యాను హోరులో అది అధికారికి సరిగా వినబడలేదు. "ఏమన్నారు?"

"రోజూ నేనే ఆపేవాణ్ణి. ఆ రోజూ నేనే ఆపాను. మీటరు తీయించింది నేను. షట్టరుకు తాళం వేయించింది నేను. వాల్వు రెండింతలు తిప్పింది నేను. ఈ ఫిట్టరు వద్దన్నాడు. మా అక్క వద్దంది."

అధికారి పాత కాగితం మీద అడ్డగీత కొట్టి, కొత్త కాగితం తీసి బల్ల మీద పరిచాడు. కలం మూత తీశాడు. "మొదటినుంచి చెప్పండి. నెమ్మదిగా."

నేను మొదలుపెట్టాను. అక్క మాత్రం ఇంకా పైకి రాలేదు. చేతిలో పొడి అలాగే పట్టుకుని, ఒక్కొక్క మాటా కాగితం మీద పడుతోందా లేదా అని కిందినుంచి చూస్తూ నిలబడింది.